తెర వెనక రెండో నంబరు

మా వదినను ఎవరైనా భయస్థురాలంటే నాకు ఒళ్ళు మండుతుంది. అన్నవాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా సరే, ఎంత మర్యాదగా అన్నా సరే.

మొన్న అన్నయ్య పోయి ఏడాదయిందని సంగీతశాల వాళ్ళు సభ పెట్టారు. అన్నయ్య గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు, బాగానే ఉంది. ఆ తర్వాత ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "వారి శ్రీమతి కూడా మన బృందంలోనే వాయించేవారు. పాపం, కాస్త భయస్థురాలు. ఆయన అండ లేకపోతే అన్నేళ్ళు నిలదొక్కుకునేవారు కాదు" అన్నాడు. హాలంతా జాలిగా తలలూపింది. వదిన మొదటి వరుసలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, ఆ మాటలకు తనూ తలూపింది. నేను లేచి ఆ మైకు లాక్కోబోయాను. వదిన నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ పట్టుకు నా చేతి మీద వేళ్ళ గుర్తులు పడ్డాయి.

అందుకని అక్కడ చెప్పనివ్వనిది ఇక్కడ చెబుతున్నాను. వింటే బాధపడే మనిషి ఇక లేడు కదా అని వదిన కూడా సరే అంది. నిజానికి సరే అనలేదు. "నీ ఇష్టం బుజ్జీ, వద్దంటే ఆగే మనిషివా నువ్వు" అంది. మా వదిన భాషలో సరే అనడం అంటే అదే.

నాకు సంగీతం తెలియదు. మా ఇంట్లో ఉన్న సంగీతమంతా అన్నయ్య పట్టుకుపోయాడు, నాకు నోరు మిగిలింది. అన్నయ్య సెల్లో వాయించేవాడు. మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని వాయించే పెద్ద వయొలిన్ అనుకోండి. నేను బట్టలు కుట్టేదాన్ని. ఆ వాద్యబృందంలో సగం మంది వేసుకునే నల్ల దుస్తులు నా కత్తెర కింద నుంచి వెళ్ళినవే. వయొలిన్ వాళ్ళకు కుడి భుజం దగ్గర వదులు ఉంచి కుట్టాలి. లేకపోతే కమాను లాగినప్పుడల్లా చంక దగ్గర పట్టేస్తుంది, వాళ్ళు లోలోపల నన్ను తిట్టుకుంటారు. వదినను మొదటిసారి చూసింది ఆ భుజం కొలత తీస్తున్నప్పుడే. ఎడమ దవడ కింద వయొలిన్ ఒరుసుకుని పడ్డ నల్లటి మచ్చ, సన్నటి వేళ్ళు. "ఇంకాస్త వదులు కావాలండీ" అంటూనే ఏదో తప్పు చేసినట్టు క్షమించమంది. ఈ పిల్లకు నోట్లో నాలుక లేదు, మా అన్నయ్యకు సరిగ్గా సరిపోతుంది అనుకున్నాను. నేను అనుకున్నట్టే ఆ పెళ్ళి జరిగింది. నోట్లో నాలుక లేకపోవడం వేరు, గుండెలో సత్తువ లేకపోవడం వేరు అని మాత్రం నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.

వయొలిన్ వాళ్ళలో ముందు వరుస మొదటి కుర్చీ అంటే పెద్ద గౌరవం. అందరూ ఆగిపోయినప్పుడు ఒంటరిగా వాయించే ముక్కలు ఆ కుర్చీవే. పెళ్ళయిన కొత్తలో ఒక కచేరీ రోజున ఆ కుర్చీ పెద్దాయన జ్వరంతో మంచం పట్టాడు. వదినకు అందరి భాగాలూ వచ్చు. కొత్తపిల్ల అయినా తననే కూర్చోబెట్టారు.

ఆ రోజు నేను పై బాల్కనీలో ఉన్నాను. బృందమంతా ఆగింది. వదిన కమాను ఎత్తింది. మెల్లగా, పొడుగ్గా లాగాల్సిన స్వరం అది. వేగంగా వాయించేటప్పుడు చేతి వణుకు ఎక్కడో దాక్కుంటుందట, మెల్లగా లాగేటప్పుడే బయటపడుతుందట. ఆ రోజు బయటపడింది. కమాను తీగ మీద నిలవలేదు. రేకు మీద గింజలు రాలినట్టు టకటకమని ఎగిరింది. సంగీతం రాని నాకే వినబడిందంటే ఇక మిగతా వాళ్ళ సంగతి చెప్పాలా. నా వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. వెనక్కి తిరిగి ఆ పీక పిసుకుదామనుకున్నాను గాని, చీకట్లో ఎవరిదని పిసకను.

కచేరీ అయ్యాక ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. అందరూ ఇంట్లో మనిషి పోయినట్టు నెమ్మదిగా మాట్లాడారు. వదిన తనంతట తానే అడిగి చివరి వరుస చివరి కుర్చీకి వెళ్ళిపోయింది. వయొలిన్ వాళ్ళు ఇద్దరికి ఒక కాగితాల స్టాండు పెట్టుకుంటారు. పేజీ అయిపోగానే లోపలి పక్క కూర్చున్న మనిషి వాయించడం ఆపి పేజీ తిప్పాలి, బయటి పక్క మనిషి వాయిస్తూనే ఉంటాడు. వదిన పేజీ తిప్పే మనిషి అయింది. అలా ఏళ్ళకేళ్ళు గడిచాయి. వదిన పక్కన కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే ముందు వరుసలకు వెళ్ళారు. వదిన ఉన్నచోటే ఉంది.

మా అన్నయ్య ఎలాంటివాడంటే, చీమ కాలు విరిగినా కట్టు కట్టే రకం. వదిన ఇంట్లో సాధన చేస్తుంటే పక్కగదిలో కూర్చుని వినేవాడు. చెయ్యి వణకగానే తలుపు దగ్గరికి వచ్చి, "ఏం ఫర్వాలేదు, నేనున్నాను గదా" అనేవాడు. అంత మంచి మాట మీద ఫిర్యాదు చేస్తే కళ్ళు పోతాయి. కానీ వదిన ఒకసారి నాతో అంది, "ఆయన కుర్చీలోంచి లేచే చప్పుడు వినబడుతుందేమోనని నా చెయ్యి ముందే వణుకుతుంది బుజ్జీ. ఆయన ఊళ్ళో లేని రోజు అసలు వణకదు."

"ఆ మాటేదో అన్నయ్యతోనే చెప్పరాదూ" అన్నాను.

"ఏమని చెప్పను? మీరు ప్రేమగా చూస్తున్నారు, అందుకే నాకు చెయ్యి ఆడట్లేదని చెప్పనా?" అంది. నేను సూదిలోకి దారం ఎక్కించుకున్నాను.

చాలా ఏళ్ళకు ముందు వరుస పెద్దాయన పని మానుకున్నాడు. కుర్చీ ఖాళీ అయింది. ఎవరైనా పోటీ పడవచ్చు, లోపలివాళ్ళయినా బయటివాళ్ళయినా. ఆ పరీక్ష జరిగే తీరు చెబితే గాని మీకు మిగతాది అర్థం కాదు. వేదిక మీద అడ్డంగా నల్లటి తెర కడతారు. ఒక పక్క పరీక్ష పెట్టే ఐదుగురు, రెండో పక్క వాయించే మనిషి. అడుగుల చప్పుడును బట్టి ఆడో మగో, లావో సన్నమో పోల్చుకుంటారని నేల మీద మందపాటి తివాచీ పరుస్తారు. వాయించేవాళ్ళు దగ్గినా తప్పే. పేర్లుండవు, చీటీ తీస్తే వచ్చిన నంబరే. అన్నిటికన్నా విచిత్రం ఏమిటంటే, ఓడినవాళ్ళలో ఏ నంబరు ఎవరిదో పరీక్ష పెట్టినవాళ్ళకు కూడా ఎప్పటికీ చెప్పరు. గెలిచిన మనిషి తెర ముందుకు వస్తాడు, మిగతావాళ్ళు వెనక మెట్లు దిగి వెళ్ళిపోతారు. ఓడినవాళ్ళ పరువు కాపాడడానికి ఎప్పుడో పెట్టుకున్న పద్ధతి.

వదిన తన పేరు ఇస్తానంది. అన్నయ్య సంతోషపడ్డాడు, వెంటనే భయపడ్డాడు. ఎందుకంటే ఆ ఐదుగురిలో తనూ ఒకడు, సెల్లో వాళ్ళకు పెద్ద కాబట్టి. వెళ్ళి మేనేజరుతో, "నా భార్య పోటీలో ఉంది, నేను కూర్చోకూడదు" అన్నాడు. మేనేజరు నవ్వి, "తెర కడుతున్నాం గదండీ, తెరకి చుట్టాలెవరు?" అన్నాడు. కూర్చోక తప్పలేదు. అయితే ఒక షరతు పెట్టారు. పరీక్ష అయ్యేదాకా వదిన సాధన అన్నయ్య చెవిన పడకూడదు. రేపు ఎవరూ వేలెత్తి చూపకూడదు గదా.

ఆ షరతే వదిన నెత్తిన పాలు పోసింది. వయొలిన్ పెట్టె చేత్తో పట్టుకుని తిన్నగా నా కుట్టుషాపుకు వచ్చింది. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, అద్దం ముందు పరదా కట్టిన చిన్న గది. "ఇక్కడ వాయించుకోనా?" అంది.

"ఈ గోలలోనా?" అన్నాను.

"గోల ఉంటేనే మంచిది" అంది.

ఆ తర్వాత మా వదిన చేసిన పనులు చూసి పిచ్చెక్కిందనుకున్నాను. పెట్టె ఇక్కడే పెట్టి కింది దాకా దిగి వెళ్ళేది. మెట్లన్నీ పరుగెత్తుకుంటూ ఎక్కి, ఆయాసం తీరకుండానే వయొలిన్ అందుకుని, ఆ మెల్లటి ముక్కే వాయించేది. "వేదిక మీద గుండె ఎలా కొట్టుకుంటుందో ఇప్పుడూ అలాగే కొట్టుకుంటుంది. ఈ గుండెతో వాయించడం అలవాటు చేసుకోవాలి" అని వివరంగా చెప్పింది. మొదటి రోజుల్లో కమాను ఎగిరి పడేది, కుట్టే అమ్మాయిలు తలలు దించుకుని నవ్వు ఆపుకునేవాళ్ళు. నేను గదమాయిస్తుంటే వదిన వద్దంది. "నవ్వనీ బుజ్జీ. వాళ్ళు నవ్వుతుండగా వాయించడం కూడా నేర్చుకోవాలి గదా."

సరే, నాకు ఒక పని అప్పజెప్పినట్టే అనుకున్నాను. బట్టల కోసం వచ్చినవాళ్ళను వదిన ఎదురుగా కూర్చోబెట్టడం మొదలుపెట్టాను. ఒకాయన ప్యాంటు కాళ్ళు కత్తిరించి కుట్టించుకోవడానికి వచ్చి, వదిన వాయిస్తుంటే మధ్యలో, "అమ్మా, సంగీతం బాగానే ఉంది గాని నా ప్యాంటు ఎంతసేపు?" అన్నాడు. వదిన కమాను ఆపలేదు. కళ్ళు మాత్రం నవ్వాయి. నేను కావాలని కత్తెర కింద పడేసేదాన్ని, మిషన్ ఒక్కసారిగా తొక్కేదాన్ని, ఒకసారి ఇస్త్రీపెట్టె మీద నీళ్ళు చిలకరించి చుయ్యిమనిపించాను. నాకు ఒళ్ళంతా హుషారు వచ్చేసింది. "నువ్వు పూర్వజన్మలో నాకు అత్తగారివై ఉంటావు" అంది వదిన.

వణుకు పోయిందా అంటే పోలేదు. అక్కడే నాకు మా వదిన సంగతి అర్థమైంది. ఒకరోజు ముక్క పూర్తయ్యాక, "ఇవాళ వణకలేదు చూశావా" అన్నాను గొప్పగా.

"వచ్చింది" అంది వదిన. "మెట్లు ఎక్కుతుంటేనే వచ్చింది. ఇన్నాళ్ళూ దాన్ని తరమాలని చూశాను. తరిమితే ఇంకా తిష్ఠ వేస్తుంది. ఇప్పుడు రానిచ్చి, దాని మానాన దాన్ని వదిలేసి నా పని చూసుకుంటున్నాను. చెయ్యి దాకా రాకుండా భుజంలోనే ఆగిపోతోంది."

పరీక్ష ముందు రోజు వదిన నల్ల దుస్తులకు భుజం దగ్గర కుట్టు విప్పి మళ్ళీ వేస్తూ, "ఆ కుర్చీ రాకపోతే ఏం చేస్తావు?" అని అడిగాను. నాకు మనసులో ఒకటే దిగులు, ఇంత కష్టమూ బూడిదలో పోసిన పన్నీరు అవుతుందేమోనని.

"కుర్చీ వస్తే వద్దనను" అంది. "నాకు కావలసింది అది కాదు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నా వణుకే విన్నారు. ఒక్కసారి ఆయన వింటుండగా నేను స్థిరంగా వాయించాలి. తర్వాత, అది నేనేనండీ అని చెప్పాలి. అంతే బుజ్జీ" అంది. నా నోట్లో గుండుసూదులున్నాయి కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏడ్చేదాన్ని.

పరీక్ష రోజు మధ్యాహ్నానికల్లా ముగ్గురు మిగిలారట, వాళ్ళకు మళ్ళీ చీటీలు తీసి ఒకటి, రెండు, మూడు నంబర్లు ఇచ్చారట. సాయంత్రం వదిన నా షాపుకు వచ్చింది. ఆ రోజు మెట్లు పరుగెత్తలేదు, ఒక్కొక్కటే ఎక్కి వచ్చింది. మొహం చూస్తే గెలిచిందో ఓడిందో తెలియలేదు. కుర్చీలో కూర్చుని నీళ్ళు అడిగి తాగింది.

"రాలేదు" అంది. "ఎవరో బయటినుంచి వచ్చిన కుర్రాడికి వచ్చింది. బాగా వాయించాడు, వాడికి రావడం న్యాయమే."

నేను ఏదో అనబోయాను.

"ఆగు బుజ్జీ. వణకలేదు. మొదటి స్వరం నుంచి చివరి దాకా ఒక్కసారి కూడా వణకలేదు" అంది. అప్పుడు నవ్వింది. ఆమె అలా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. చిన్నపిల్ల నవ్వినట్టు మొహమంతా విచ్చుకుంది. అమ్మాయిలిద్దరూ మిషన్లు ఆపి చప్పట్లు కొట్టారు. నేను వాళ్ళను టీ తాగి రమ్మని పంపేసి తలుపు దగ్గరగా వేసి, జరిగింది మొదటి నుంచి చెప్పమన్నాను.

వదినది రెండో నంబరు. కుర్రాడిది మూడో నంబరు. ఫలితం చెప్పేటప్పుడు ఎవరి ఓటు ఎవరిదో చెప్పకుండా లెక్క మాత్రం నంబర్లతో చదివారట, ఇద్దరికీ రెండేసి ఓట్లు వచ్చాయి. ఓట్లు సమానమైతే బృందాన్ని నడిపించే ఆయన ఓటు ఎటుంటే అటు. చేతిలో పుల్ల పట్టుకుని అందరినీ నడిపిస్తాడు కాబట్టి నేను ఆయన్ను పుల్లాయన అంటాను. పుల్లాయన మూడో నంబరుకు వేశాడు. ఐదో ఓటు ఒకటో నంబరుకు పడింది.

"ఆ ఒకటో నంబరు ఎవరో పాపం. మొదట్లోనే చెయ్యి వణికింది, వెనక నిలబడ్డ మాకు వినబడింది. నా ప్రాణం విలవిల్లాడింది" అంది వదిన.

"మరి వణికిన మనిషికి ఓటు వేసిన మహానుభావుడెవరు? చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్నాడా? ఆ ఒక్క ఓటూ నీకు వేసుంటే కుర్చీ నీదే గదా. వాడు నా ఎదురుగా వస్తే ఈ కత్తెరతో చెవులు కోసి చేతిలో పెడతాను" అన్నాను.

"పోనీలే. ఆయన్ని ఒక్కసారి రానీ. ఇంట్లో చెప్పాలంటే నాకు సిగ్గు. నీ ఎదురుగా అయితే చెప్పగలను" అంది వదిన. అందుకోసమే ఆమె ఇంటికి పోకుండా నా దగ్గరికి వచ్చింది.

అన్నయ్య వచ్చాడు. మెట్లు ఎక్కి ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వదిన లేచి నిలబడింది, నోరు తెరవబోయింది. అన్నయ్యే ముందు మాట్లాడాడు.

"నన్ను క్షమించు. నేను చేయగలిగింది చేశాను" అన్నాడు. "మొదటి స్వరం వినగానే నువ్వేనని తెలిసిపోయింది. ఎంతమందిలో ఉన్నా నీ చెయ్యి నేను పోల్చుకోలేనా? ఆ వణుకు నాకు తెలియదా? ఒకటో నంబరు నువ్వే గదా? నా ఓటు నీకే వేశాను. నీకు పడ్డది అదొక్కటే. ఓడిపోయినా, నీకోసం అక్కడ ఒక్కడైనా ఉన్నాడని నీకు తెలియాలని చెబుతున్నాను."

నా చేతిలో కత్తెర ఉంది. కాసేపటి క్రితం ఎవరి చెవులు కోస్తానన్నానో ఆ మనిషి నా ఎదురుగా నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. వదిన వైపు చూడడానికి నాకు ధైర్యం చాల్లేదు.

అన్నయ్య కుర్చీలో కూలబడి ఇంకా చెప్పాడు. "ఒక్క సంగతి నన్ను తినేస్తోంది. రెండో నంబరు ఎవరో గాని, అంత గొప్పగా వాయించారు. న్యాయంగా నా ఓటు ఆ మనిషికి పడాలి. పెన్సిలు ఆ నంబరు దాకా వెళ్ళింది, మళ్ళీ నువ్వు గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. నేను వేసుంటే కుర్చీ వాళ్ళదే. తెర అవతల ఉన్నది ఎవరో ఏమో, ఎన్నాళ్ళు కష్టపడ్డారో ఏమో, వాళ్ళ నోటి దగ్గర కూడు నేను తీసేశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పాపం ఇదొక్కటే."

నేను నోరు తెరిచాను. "అన్నయ్యా" అన్నాను.

వదిన నా వైపు చూసింది. నాకు నోరు మూతపడింది. తర్వాత అన్నయ్య పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"అవునండీ, ఒకటో నంబరు నేనే. మొదట్లోనే వణికింది" అంది. ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతు కాస్త కూడా వణకలేదు.

అన్నయ్య ఆమె చెయ్యి పట్టుకుని నిమిరాడు. వదిన కొంచెంసేపు నిమరనిచ్చింది.

"ఆ రెండో నంబరు ఎలా వాయించారండీ?" అని అడిగింది.

"ఎందుకులే ఇప్పుడు అదంతా."

"చెప్పండి. నాకు వినాలని ఉంది."

అన్నయ్య చెప్పాడు. సంగీతం విషయం వస్తే అతనికి ఇంకేదీ గుర్తుండదు. "ఆ మొదటి స్వరం ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. ఎప్పటినుంచో ఉన్న స్వరాన్ని మనం ఇప్పుడు వింటున్నట్టు ఉంది. తొందర లేదు, ఎవరినో మెప్పించాలని లేదు. ఆ కుర్రాడు వాయించినది కూడా బాగుంది, కానీ వాడికి భయం తెలియదు. ఈ మనిషికి భయం బాగా తెలుసు. తెలిసీ, దాని పక్కనుంచే నడిచి వెళ్ళిపోయినట్టుంది. నేను పెన్సిలు కింద పెట్టేశాను. కాసేపు పరీక్ష పెడుతున్నాననే సంగతే మర్చిపోయాను."

"ఇంకా?" అంది వదిన.

"ఇంకేముంది. జీవితంలో ఒక్కసారి ఆ మనిషి పక్కన కూర్చుని వాయిస్తే చాలనిపించింది."

వదిన తలవంచుకుని విన్నది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి అన్నయ్య వేరే అనుకున్నాడు. "అయ్యో, నీ ముందు ఇంకొకళ్ళని ఇంతలా పొగుడుతున్నాను, నాకు బుద్ధి లేదు" అని నొచ్చుకుని, బండి పిలుచుకొస్తానని కిందికి దిగాడు.

అతని అడుగులు కింది దాకా వెళ్ళేంతవరకే ఆగగలిగాను. "నీకేమైనా మతి పోయిందా వదినా? ఇన్నాళ్ళూ ఈ మెట్లన్నీ ఎందుకెక్కావు? అన్నయ్యకి తెలియాలనే గదా? నువ్వు చెప్పకపోతే నేను చెబుతాను. ఇప్పుడే చెబుతాను."

"చెప్పకు" అంది.

"ఎందుకు చెప్పకూడదు?"

"ఎవరో తెలియని మనిషికి అన్యాయం చేశానని చూడు ఎలా అయిపోయారో. అది నేనేనని తెలిస్తే ఇక రేపటి నుంచి ఆయన చెయ్యి వణుకుతుంది. నాకు వణుకుతో బతకడం వచ్చు బుజ్జీ, నేర్చుకున్నాను. ఆయనకి రాదు. ఈ వయసులో నేర్చుకోలేరు కూడా" అంది.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. అది నా సొంత అన్నయ్య సంగతి, నేను మాత్రం ఏం చేయగలను. మింగలేక కక్కలేక ఊరుకున్నాను. కింద బండి హారను మోగింది. వదిన వయొలిన్ పెట్టె అందుకుని, అద్దంలో మొహం చూసుకుని తుడుచుకుని మెట్లు దిగింది.

ఆ తర్వాత వదిన ఇంట్లో సాధన చేయలేదు. చేస్తే చెయ్యి వణకడం లేదని అన్నయ్యకు తెలిసిపోతుంది. వణికినట్టు నటించడం ఆమెకు చేతకాదు. మిషన్ల చప్పుడుకి అలవాటు పడ్డానని చెప్పి వారంలో సగం రోజులు నా షాపుకే వచ్చేది. పరదా పక్కన నిలబడి, ప్యాంట్లూ జాకెట్లూ ఇచ్చిపోయేవాళ్ళ ముందు, ఆ సంగీతశాలలో ఎవరూ వినని వాయింపు వాయించేది. మళ్ళీ ఆ కుర్చీ ఖాళీ కాలేదు. వదిన పని మానుకునేదాకా చివరి వరుసలో పేజీలు తిప్పింది. జనం పాపం భయస్థురాలన్నారు, తను కాదనలేదు.

అన్నయ్య మాత్రం రెండో నంబరును మరిచిపోలేదు. ఇంటికి ఎవరు వచ్చినా, "ఒకసారి తెర వెనక ఎవరో వాయించారండీ" అని మొదలుపెట్టేవాడు. వదిన టీ కప్పులు అందిస్తూ ఆ కథ ప్రతిసారీ కొత్తగా విన్నట్టు వినేది. నాకు అక్కడ కూర్చోబుద్ధయ్యేది కాదు, ఏదో వంక పెట్టి వంటింట్లోకి పోయేదాన్ని. అన్నయ్య ఏ ఊళ్ళో కచేరీ ఉన్నా వెళ్ళి, ఆ చెయ్యి ఎక్కడైనా వినబడుతుందేమోనని వెతికేవాడు. అలాంటప్పుడు వదినను కూడా తీసుకెళ్ళేవాడు. పక్కనే కూర్చోబెట్టుకుని, వేదిక వైపు చూసి "ఈ చెయ్యీ కాదు" అని నిట్టూర్చేవాడు.

ఆసుపత్రిలో చివరి రోజుల్లో అన్నయ్యకు మాట సరిగా వచ్చేది కాదు. నేనూ వదినా మంచానికి చెరోపక్కా ఉన్నాం. ఒక మధ్యాహ్నం కళ్ళు తెరిచి, "ఆ రెండో నంబరు ఎవరో తెలుసుకోకుండానే పోతున్నాను" అన్నాడు.

నేను వదిన వైపు చూశాను. ఇప్పుడైనా చెప్పు, ఇంకెప్పుడు చెబుతావని కళ్ళతోనే బతిమాలాను. అన్నయ్య ఇక సెల్లో పట్టుకునేది లేదు, చెయ్యి వణికినా పోయేదేమీ లేదు. వదిన పెదవులు కదిలాయి. చెప్పేస్తుందనే అనుకున్నాను. కానీ పోయే మనిషి చేతిలో అంత బరువు పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు. వంగి అతని నుదురు తుడిచింది.

"ఎవరైతేనేం లెండి. మీరు ఇన్నేళ్ళు ఇంతలా తలుచుకున్నారు. చాలా అదృష్టవంతురాలు" అంది.

అన్నయ్య అవునన్నట్టు తలూపాడు.